అమ్మమ్మ ముఖానికి అరవై ఫ్రేములెందుకు?

కొత్త ఫోను ఇంటికొచ్చిన సాయంత్రమే ఎవరో ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుని కెమెరా సెట్టింగుల్లోకి వెళ్తారు. బావమరిదో, పక్కింటి ఇంజినీరింగు కుర్రాడో, డాలస్ నుంచి దిగిన పిన్నికొడుకో. ‘ఇంత డబ్బు పోసి కొని 1080పిలో తీస్తున్నావా?’ అని ఒక జాలిచూపు చూసి, 4కె, 60 ఎఫ్‌పీఎస్, హెచ్‌డీఆర్ అన్నీ ఆన్ చేసి తిరిగిచ్చేస్తారు. మళ్లీ ఫోను మార్చేదాకా ఆ మెనూ జోలికి ఎవరూ పోరు. యూట్యూబ్ సమీక్షకులూ, మొబైల్ షాపు సేల్స్‌మన్లూ, ప్రతి కుటుంబానికీ ఒకరు చొప్పున ఉండే సాంకేతిక సలహాదారులూ అందరూ కలిసి ఏకగ్రీవంగా ఆమోదించిన సిద్ధాంతం ఇది: ఉన్నవాటిలో పెద్ద అంకె ఏదో అది పెట్టు, ఇక ఆలోచించకు.

దీని వెనక ఒక తర్కం ఉంది. ‘పెద్దగా తీసినది తరవాత చిన్నది చేసుకోవచ్చు, చిన్నగా తీసినది పెద్దది చెయ్యలేం. పండగ మళ్లీ రావచ్చు గానీ పిల్లలు మళ్లీ ఇంత చిన్నవాళ్లు కారు. కాబట్టి తియ్యడమైతే పెద్దగానే తీసి పెట్టుకో.’ వినడానికి ఎంత సబబుగా ఉందో! మొదటి వాక్యం నిజమే, రెండోదీ నిజమే. తిరకాసంతా ‘కాబట్టి’ దగ్గరుంది. తరవాత చేర్చలేనివి పిక్సెళ్లూ ఫ్రేములే అన్నట్టు ఈ వాదన మాట్లాడుతుంది. లెన్సులోకి రాని వెలుతురుని తరవాత చేర్చగలమా? ఊగిపోయిన బొమ్మని నిలబెట్టగలమా? వినపడని మాటని వినిపించగలమా? ఇందులో మొదటిదాన్ని పెద్ద అంకె నేరుగా దెబ్బతీస్తుంది, రెండోదాన్ని చాలా ఫోన్లలో దెబ్బతీస్తుంది, మూడోదాన్ని అసలు పట్టించుకోదు.

వెలుతురు సంగతే ముందు. భోగినాడు ఇంకా తెల్లవారకముందే వీధిలో మంట వేస్తారు. చుట్టూ చీకటి, మధ్యలో మంట, ఆ వెలుగులో దుప్పటి కప్పుకుని తాతయ్య, పిడకల దండ పట్టుకుని తన వంతు కోసం చూస్తున్న మనవరాలు. ఏడాది మొత్తంలో మన ఇళ్లలో తీసే వీడియోల్లో ఫోనుకి ఇంతకన్నా కష్టమైన పరీక్ష ఉండదు. సెకనుకు 60 ఫ్రేములు తియ్యాలంటే ఒక్కో ఫ్రేముకి దక్కేది సెకనులో అరవయ్యో వంతు. షట్టరు అంతకుమించి తెరిచి ఉంచడం కుదరదు. అదే 30 పెడితే ముప్ఫయ్యో వంతు దాకా తెరిచి ఉంచొచ్చు. అంటే సెన్సరు మీద పడే వెలుతురు రెట్టింపు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఈ తేడా లెక్కలోకి రాదు. అక్కడ ఉన్న వెలుతురే ఎక్కువై ఫోను తనంతట తాను షట్టరుని వెయ్యో వంతుకి తగ్గించేసుకుంటుంది. భోగిమంట దగ్గర మాత్రం ఆ సగం వెలుతురు లోటుని ఎలాగోలా పూడ్చుకోవాలి కాబట్టి, వచ్చిన కాస్త సిగ్నల్‌నీ సాగదీస్తుంది. సాగదీస్తే బొమ్మ నిండా ఇసక చల్లినట్టు గింజలు లేస్తాయి. ఆ గింజల్ని తుడవబోయి తాతయ్య తెల్లగడ్డాన్నీ, దుప్పటి నేతనీ కూడా కలిపి తుడిచేస్తుంది. ముఖం మైనపు బొమ్మలా నున్నగా వస్తుంది.

ఇంతటితో అయిపోలేదు. తుడవగా మిగిలిన గింజలు ఫ్రేము ఫ్రేముకీ చోటు మారుతుంటాయి. వీడియోని కుదించే కోడెక్ పనిచేసేది ప్రధానంగా ఒక సూత్రం మీద: ముందు ఫ్రేముకీ ఈ ఫ్రేముకీ తేడా ఏమిటో అదే రాసుకుంటుంది. గింజ కదిలిన ప్రతిసారీ అదేదో కొత్త వివరం కాబోలనుకుని పాపం దానికీ చోటు కేటాయిస్తుంది. ఐఫోన్ సెట్టింగుల్లో యాపిల్ వాళ్లే రాసిపెట్టిన లెక్క ప్రకారం 4కె 60లో నిమిషం వీడియోకి దాదాపు 400 ఎంబీ పడుతుంది. చీకట్లో తీస్తే ఆ 400లో మనం భద్రంగా దాచుకునేది తాతయ్యని కాదు, గింజల్ని.

ఆ మెనూలోనే ‘ఆటో ఎఫ్‌పీఎస్’ అని ఇంకో మీట ఉంటుంది. వెలుతురు తగ్గితే ఫ్రేముల్ని 24కి దించమని చెప్పే మీట అది. ఫోను తయారుచేసినవాళ్లకే ఈ సంగతి తెలుసు, తెలిసే ఆ సదుపాయం పెట్టారు. పెద్ద అంకె సిద్ధాంతం వాళ్లు మాత్రం ఆ మీట దాకా స్క్రోల్ చెయ్యరు.

ఇక మన కరెంటు. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. ట్యూబులైటూ, చవకరకం ఎల్‌ఈడీ బల్బూ ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు చొప్పున మన దగ్గర సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టరు సెకనులో యాభయ్యో వంతో, వందో వంతో తెరుచుకుంటే ప్రతి ఫ్రేములోనూ మినుకులు పూర్తిగా ఒకటో రెండో పడతాయి, బొమ్మ నిలకడగా ఉంటుంది. అరవయ్యో వంతు తెరుచుకుంటే ఒకటీ, ఇంకోదాంట్లో మూడింట రెండొంతులూ పడుతుంది. ఒక ఫ్రేములో వెలుగెక్కువ, పక్క ఫ్రేములో తక్కువ. గోడ మీద నల్లపట్టీలు మెల్లగా జారుతున్నట్టు కనిపిస్తాయి. సాయంత్రం చంటిపిల్లకి భోగిపళ్లు పోసేటప్పుడు హాల్లో ఉండేది ఆ ఒక్క ట్యూబులైటే. రేగుపళ్లూ చిల్లర నాణేలూ పూలరేకులూ నెత్తిమీంచి జారుతుంటే వెనక సున్నపు గోడ గుండెలా కొట్టుకోవడం మీరూ చూసే ఉంటారు.

60 ఫ్రేములు పెట్టినప్పుడు ఫోనుకి ఇక్కడ మిగిలే దారి ఒక్కటే, వందో వంతుకి దిగడం. అలా దిగితే పట్టీలు పోతాయి గానీ ఉన్న వెలుతురు ఇంకా తగ్గి గింజలు పెరుగుతాయి. అమెరికా నుంచి వచ్చినవాళ్ల వీడియోల్లో ఈ పట్టీల బెడద ఎక్కువ కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అక్కడి దీపాలకి 30, 60 అన్న అంకెలు చక్కగా అమరతాయి. అక్కడ పెట్టుకున్న అలవాటుతోనే ఇక్కడ మేనత్తగారి వంటింట్లో తీసేస్తారు. దూరదర్శన్ సెకనుకు 25 ఫ్రేముల పాల్ పద్ధతిలో ప్రసారాలు చేసిందీ ఈ 50 హెర్ట్జ్ లెక్కమీదే. ఐఫోన్‌లో వీడియో రికార్డింగ్ మెనూలో ‘షో పాల్ ఫార్మాట్స్’ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే 25 ఫ్రేములు వచ్చి చేరతాయి. మన ఇళ్ల దీపాలకి అతికినట్టు సరిపోయే అంకె అది. మరీ పెద్దదిగా కనపడదు కాబట్టి దాన్ని సిఫారసు చేసే సమీక్షకుడు నాకింకా తగల్లేదు.

ఇప్పుడు 4కె దగ్గరికొద్దాం. ఇక్కడ ఎదుటిపక్షానికి కొంత ఇచ్చెయ్యాలి. మంచి ఫోనులో పగటి వెలుతురులో 4కె 30 బొమ్మ 1080పి కన్నా నిజంగానే శుభ్రంగా ఉంటుంది. కొన్ని ఫోన్లు 1080పిని మరీ బద్ధకంగా వండుతాయి. సెన్సరు మీద ఉన్న వివరమంతా చదవకుండా వరసలు దాటేసి తయారుచేస్తాయి. అలాంటి ఫోనులో 1080పి మెత్తగా, కాస్త చెమర్చిన అద్దంలోంచి చూసినట్టు వస్తుంది. పైగా 4కెలో తీస్తే తరవాత ఒక మూలని కత్తిరించి దగ్గరికి తెచ్చుకోవచ్చు. ఈ రెండూ న్యాయమైన లాభాలు. అందరూ చెప్పే మూడో లాభమే, అంటే టీవీలో చూసినప్పుడు కనిపించే తేడాయే, లెక్కకి నిలవదు.

మధ్యతరగతి హాల్లో ఉండే టీవీ 43 అంగుళాలనుకుందాం. దాని వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు. 1080పి బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలు కాబట్టి ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. సాధారణమైన చూపు డిగ్రీలో అరవయ్యో వంతు వరకూ విడదీసి చూడగలదు. ఆ లెక్కన అర మిల్లీమీటరు చుక్క విడిగా కనపడాలంటే టీవీకి అయిదారు అడుగుల లోపల కూర్చోవాలి. మన హాళ్లలో సోఫాకీ టీవీకీ మధ్య ఎనిమిది, పది అడుగులుంటాయి. అంత దూరాన్నుంచి 1080పి చుక్కలే కలిసిపోతాయి. 4కెలో చుక్కల సంఖ్య దానికి నాలుగింతలు, 83 లక్షలు. సోఫాలో కూర్చున్న మావయ్య వాటిని చూడాలంటే లేచివెళ్లి టీవీ ముందు చాప వేసుకోవాలి. 8కె సంగతి ఇక ఎత్తను. 3 కోట్ల 30 లక్షల చుక్కలట. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

పోనీ టీవీలో చూస్తున్నామా? అదీ తక్కువే. పండగ వీడియోల గమ్యం ఎక్కువసార్లు కుటుంబం వాట్సాప్ గ్రూపే. వాట్సాప్ మామూలుగా పంపే వీడియోని పిండి పిప్పి చేసి పంపుతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపిక కూడా 720పి దగ్గరే ఆగుతుంది. అసలు ఫైలు చెక్కుచెదరకుండా వెళ్లాలంటే డాక్యుమెంటుగా పంపాలి. దానికి పరిమితి 2 జీబీ, అంటే 4కె 60లో అయిదు నిమిషాలు. తీసేది 83 లక్షల చుక్కలు, పెదనాన్న చూసేది అందులో పదో వంతు. ఆ పదో వంతుకి తగ్గించే పనిని వాట్సాప్ వాళ్ల మరకి అప్పజెప్పినట్టయింది.

కుదుపుల విషయానికి వస్తే, ఫోనులో వీడియో ఊగకుండా ఆపేది ఎక్కువగా సాఫ్ట్‌వేరు. అది సెన్సరు అంచుల్లో కొంత భాగాన్ని పక్కన పెట్టుకుని, చెయ్యి ఊగినప్పుడు బొమ్మని ఆ జాగాలోకి జరుపుతూ సర్దుతుంది. సర్దాలంటే ప్రతి ఫ్రేమునీ అప్పటికప్పుడు లెక్కగట్టాలి. చుక్కలు నాలుగింతలై, ఫ్రేములు రెట్టింపైతే లెక్క ఎనిమిదింతలు. చాలా మధ్యరకం ఫోన్లలో ప్రాసెసరు ఆ బరువు మొయ్యలేక 4కెలోనో 60లోనో స్థిరీకరణని చడీచప్పుడూ లేకుండా వదిలేస్తుంది. తెరమీద ఓ మూల చిన్న గుర్తు ఆరిపోతుంది, ఆ గుర్తుని చూసేదెవరు? అలా గంగిరెద్దు వెనకాల వీధంతా నడుచుకుంటూ తీసిన వీడియో పెద్ద తెరమీద పెడితే చూసేవాళ్లకి పడవెక్కినట్టుంటుంది. మీ ఫోనులో ఏ సెట్టింగులో స్థిరీకరణ పనిచేస్తుందో తెలుసుకోవడం చాలా తేలిక. రెండు సెట్టింగుల్లోనూ వరండా చివరిదాకా నడుస్తూ తలా పది సెకన్లు తీసి పక్కపక్కన చూడండి. ఏ సమీక్షా చదవక్కర్లేదు.

హెచ్‌డీఆర్ గురించి క్లుప్తంగా. మంటా ముఖమూ రెండూ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు అది మేలే చేస్తుంది, కాదనను. కాకపోతే అది తీసిన ఫోనులోనే బాగుంటుంది. ఐఫోన్ 12 నుంచి, అంటే 2020 నుంచి, డాల్బీ విజన్ అనే హెచ్‌డీఆర్ పద్ధతిలో తియ్యడం మొదలైంది. అలా తీసిన వీడియోని పాత టీవీలోనో, ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనో పెడితే పట్టుచీరల ఎరుపు వెలిసిపోయి, తెల్లచొక్కాలు మసకబారి కనిపిస్తాయి. బంధువుల్లో సగం మంది దగ్గరున్నవి అలాంటి తెరలే. అందరికీ పంచుకోవాల్సిన వీడియోకి హెచ్‌డీఆర్ ఆపెయ్యడమే నయం.

పెద్ద అంకె వాళ్లకి ఎదురుగా ఇంకో వర్గం తయారైంది. వీళ్లు సినిమాటిక్ వర్గం. ‘60 అంటే సీరియల్ లుక్, 24 పెట్టు, సినిమా లుక్ వస్తుంది’ అంటారు. వినగానే నా వాదనకి దగ్గరగా అనిపించొచ్చు, కానీ వీళ్లతోనూ నాకు పొత్తు కుదరదు. సెకనుకి 24 ఫ్రేములన్నది 1920ల చివర్లో టాకీలొచ్చినప్పుడు స్థిరపడిన అంకె. ధ్వని సవ్యంగా పలకడానికి ఒకే వేగం కావాలి, ఫిలిం ఖర్చూ చూసుకోవాలి, రెంటికీ మధ్య రాజీగా కుదిరింది. ఆ 24తో అందం పుట్టించినవాళ్లు అంకెని నమ్ముకుని పుట్టించలేదు. మాయాబజార్‌కి ఛాయాగ్రహణం చేసిన మార్కస్ బార్ట్‌లీ చేతిలో ఉన్నది బరువైన కెమెరా, కింద గట్టి స్టాండో ట్రాలీయో, చుట్టూ తను పెట్టుకున్న దీపాలు, ముందు రిహార్సల్ చేసిన నటులు. కెమెరా ఎంత మెల్లగా తిప్పితే బొమ్మ అదరదో వాళ్లకి లెక్క తెలుసు. రంగవల్లి మీంచి గేటు దాకా ఫోనుని గిర్రున తిప్పే మనకి 24లో వచ్చేది తడబాటు. ముగ్గు గళ్లు గళ్లుగా గెంతుతుంది. సాధారణమైన ఫోను తెర సెకనుకు 60సార్లు మారుతుంది కాబట్టి, 24 ఫ్రేముల్ని అందులో సర్దడానికి ఒక ఫ్రేముని రెండుసార్లు, తరవాతి ఫ్రేముని మూడుసార్లు చూపిస్తుంది. ఆ కుంటినడక కూడా దీనికి తోడవుతుంది. పిన్నిగారి గుమ్మడికాయ పులుసుకి ఛాయాగ్రహణ శైలి అక్కర్లేదు. 25 గానీ 30 గానీ పెట్టి, తిప్పడం మానేస్తే చాలు.

అయితే 60 ఎప్పుడూ దండగేనా? కాదు. పట్టపగలు, వేగంగా కదిలేదాన్ని తీస్తుంటే పెట్టుకోండి. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు పచ్చని చేలకి అడ్డంపడి వస్తాయి. కౌశిక కాలువ దాటేటప్పుడు అంతెత్తు ప్రభని భుజాన పెట్టుకుని నీళ్లలోకి దిగుతారు. నీళ్లు చిమ్ముతుంటాయి, ప్రభ ఒక పక్కకి ఒరిగి మళ్లీ లేస్తుంది. మధ్యాహ్నపు ఎండ, బోలెడంత కదలిక. అక్కడ 60 దాని ఖరీదుకి న్యాయం చేస్తుంది, తరవాత సగం వేగానికి తగ్గించుకుని చూసినా ముద్దొస్తుంది. మేడమీద గాలిపటాలకీ అంతే. పండగలో అలాంటివి నాలుగైదు షాట్లుంటాయి. మిగిలినదంతా మనుషులు కూర్చుని మాట్లాడుకోవడం, వండుకోవడం, తినడం, పడుకోవడం.

చోటు గురించి మాట్లాడితే ‘స్టోరేజీ ఇప్పుడు చవకే కదా’ అని కొట్టిపారేస్తారు. లెక్క చూద్దాం. యాపిల్ వాళ్ల అంకెల ప్రకారమే నిమిషానికి 1080పి 30కి 60 ఎంబీ, 4కె 30కి 170, 4కె 60కి 400. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత సదుపాయం ఎత్తేసింది. మెయిలూ ఫోటోలూ అన్నీ కలిపి ఇప్పుడు 15 జీబీ. అది మొత్తం ఖాళీగా ఉందనుకున్నా 4కె 60లో 37 నిమిషాలకి నిండిపోతుంది, 1080పి 30లో నాలుగు గంటలు పడుతుంది. ఊళ్లో వైఫై లేక రోజుకి 2 జీబీ ప్యాకు మీదే బతికేవాళ్లు ఒక గంట 4కె 60 వీడియోని మబ్బులోకి ఎక్కించాలంటే 12 రోజులు ఇంకేమీ చెయ్యకుండా కూర్చోవాలి. చోటు మిగలడానికి గూగుల్‌లో స్టోరేజ్ సేవర్ పెట్టుకున్నారా, అది ఎలాగూ 1080పికే దించేస్తుంది.

అసలు నష్టం డబ్బు కాదు, ఆ తరవాత జరిగేది. ఏదో ఒకరోజు ‘స్టోరేజ్ నిండిపోయింది’ అని ఫోను మొరాయిస్తుంది. ఏం తీసెయ్యాలో చూపించమంటే పెద్ద ఫైళ్లు ముందు చూపిస్తుంది. పెద్ద ఫైళ్లు ఏవి? పొడుగ్గా నడిచినవి. పొడుగ్గా నడిచేవి ఏవి? అమ్మమ్మ అరుగు మీద కూర్చుని తన పెళ్లినాటి సంగతి చెప్పినవి, తాతయ్య పొలం గట్టున ఏ మడి ఎవరిదో వివరించినవి. పది నిమిషాల అమ్మమ్మ 4 జీబీ. జాబితాలో పైనే ఉంటుంది. బస్సులో కూర్చుని, అవతల ఎవరో పంపిన ఫైలు దిగక విసుగులో ఉన్న మనిషి వేలు దేనిమీద పడుతుంది? అదే అమ్మమ్మ 1080పి 30లో 600 ఎంబీ. ఆ జాబితాలో ఎక్కడో కింద, బతికిపోయేది.

ఇంకొకటుంది. చోటు తినేస్తోందన్న భయంతో జనం చిన్న చిన్న ముక్కలుగా తీస్తారు. అమ్మమ్మ గొంతు సవరించుకుని అసలు సంగతికి వచ్చేసరికి ‘చాల్లే అమ్మమ్మా’ అని ఆపేస్తారు. పెద్ద అంకె ఇలా తీసినదాన్నే కాకుండా తియ్యబోయేదాన్ని కూడా కోసేస్తుంది.

చివరికి పెద్ద అంకె వాళ్లు బయటికి తీసే అస్త్రం భవిష్యత్తు. ‘ఇరవై ఏళ్ల తరవాత గోడంత టీవీలొస్తాయి, అప్పుడు నీ 1080పి ఏం బాగుంటుంది?’ దీనికి జవాబు వెతకడానికి ఎదురు చూడక్కర్లేదు, వెనక్కి చూస్తే చాలు. మన ఇళ్లలో 80లు, 90లలో తీయించిన పెళ్లి క్యాసెట్లు బీరువాల్లో ఉన్నాయి. వీహెచ్‌ఎస్ బొమ్మలో ఇప్పటి 1080పిలో పదో వంతు వివరం కూడా ఉండదు. ఆ క్యాసెట్ ఆడితే ఎవరైనా బొమ్మ బాగాలేదని లేచిపోయారా? గొడవంతా అది ఆడకపోవడంతోనే. తేమకి టేపు మీద బూజు పట్టింది. ఆడించే మిషన్ మూలపడింది. వీసీఆర్లు తయారుచేస్తున్న ఆఖరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. ఆడిన క్యాసెట్లలో కూడా మనకి కష్టమనిపించేది ఫోకస్ లైటు కొట్టి ముఖాలు తెల్లగా పాలిపోవడం, మాటలకి బదులు మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు అతికించడం. పెళ్లికొచ్చిన తాతగారు నోరు కదుపుతుంటారు, వినిపించేది మాత్రం పాట. ఆయన ఏమన్నాడో ఇక ఎవరికీ తెలియదు. భవిష్యత్తు పేరుతో వాదించేవాళ్లు ఈ క్యాసెట్లు ఒక్కసారి చూస్తే, పిక్సెళ్ల గురించి ఇంత గొంతు చించుకోరు.

అందుకే ధ్వని. సెట్టింగుల మీద ఇంత రాద్ధాంతం చేసేవాళ్లెవరూ దాని ఊసెత్తరు, ఎందుకంటే దానికి గొప్పగా చెప్పుకోవడానికి అంకె లేదు. 1080పిలో తీసినా, 4కెలో తీసినా మైకు అదే, గొంతు అదే. దాన్ని అన్నిటికన్నా ముందు బాగుచేసేది దూరం. మాట్లాడే మనిషి నుంచి మూడడుగుల్లో ఉన్న ఫోను ఆరడుగులకి జరిగితే దానికి చేరే శబ్దశక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. జూమ్ చేస్తే ముఖం దగ్గరికొస్తుంది, గొంతు రాదు.

అరిసెలు వండే వంటింట్లోకి వెళ్లండి. పొయ్యి మీద బెల్లం పాకం. పళ్లెంలో నీళ్లు పోసుకుని అమ్మమ్మ గరిటెతో ఒక చుక్క అందులో వేస్తుంది, రెండు వేళ్లతో దగ్గరికి తీస్తుంది. ‘ఇంకా జారిపోతోంది చూడు, ఉండ కట్టాలి’ అంటుంది. ఇంకాసేపయ్యాక మళ్లీ వేస్తుంది. ఈసారి ఉండని పళ్లేనికేసి కొడితే టంగుమంటుంది. ‘ఆ, దింపు దింపు, పిండి పొయ్యి!’ పాకం తెలిసేది ఆ చప్పుడులోనే. గుమ్మం దగ్గర నిలబడి 4కె 60లో జూమ్ చేసి తీస్తే వచ్చేది ఎగ్జాస్ట్ ఫ్యాను హోరు, అవతల మిక్సీ రొద, గింజలు గింజలుగా అమ్మమ్మ వీపు. ఫ్యాను అయిదు నిమిషాలు ఆపించి, మిక్సీ పట్టుకున్న పిన్నిని బతిమాలి, పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని, 25లో తీస్తే మనవరాలు పాతికేళ్ల తరవాత ఆ వీడియో చూసి అరిసెలు వండగలదు.

ఇంతకీ ఏం పెట్టుకోవాలి అంటే, నేను చెప్పేది ఇంతే. ఇంట్లో, దీపాల వెలుగులో 25 ఫ్రేములు, అది లేని ఫోనైతే 30. పెద్దవాళ్లు మాట్లాడేవి, పొడుగ్గా సాగేవి 1080పి. పగటిపూట బయట తీసే నాలుగు మంచి షాట్లకి, మీ ఫోను స్థిరీకరణ నిలిస్తే, 4కె 30. పరుగులకీ గాలిపటాలకీ ప్రభలకీ ఎండలో 60. హెచ్‌డీఆర్ ఆఫ్. ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే వెలుతురూ ఫోకసూ అక్కడే బిగుసుకుంటాయి, లేకపోతే మంట ఎగసినప్పుడల్లా ముఖం నల్లబడుతుంది. చీకట్లో 1ఎక్స్ అని ఉండే ప్రధాన కెమెరానే వాడాలి, 0.5 వైడు కెమెరాకీ, దూరపు లెన్సుకీ ఉండేవి చిన్న సెన్సర్లు. టీవీలో చూడాలనుకుంటే ఫోను అడ్డంగా పట్టుకోవాలి, నిలువుగా తీసినది టీవీ తెరలో మూడో వంతు కూడా నిండదు. అన్నిటికన్నా ముందు లెన్సు తుడవాలి. అరిసెల నూనె చేత్తో పట్టుకున్న ఫోను లెన్సు మీద జిడ్డు ఉండగా 8కె పెట్టినా మబ్బే.

ఇంటి మొత్తానికి ఒకే సెట్టింగు పెట్టి మరిచిపోవడం హాయిగా ఉంటుంది, నాకు తెలుసు. ఆ హాయి కోసమే పెద్ద అంకె సిద్ధాంతం ఇంత వేగంగా పాకింది. కానీ వంటింటికీ, పొలంగట్టుకీ, భోగిమంటకీ వెలుతురు ఒకటి కాదు. వీడియో మెనూ తెరిచి 60ని 30కి మార్చడానికి పట్టేది రెండు క్షణాలు. చాలా ఫోన్లలో కెమెరా తెర పైమూలన ఆ అంకె మీద వేలు పెడితేనే మారిపోతుంది, సెట్టింగుల్లోకి కూడా వెళ్లక్కర్లేదు.

పండగ అయ్యాక, సెలవులు ముగిసేలోపు, ఇంకో పనుంది. తీసినవాటిని ఒక హార్డ్‌డిస్కులోకీ, ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉండే అన్నయ్య దగ్గరికీ చేర్చండి. ఫైళ్లకి ఐఎంజీ 4021 లాంటి పేర్లు వదిలెయ్యకుండా ఏడాదీ, సందర్భమూ, అందులో ఉన్నవాళ్ల పేర్లూ పెట్టండి. పెదతాతగారి తరపు చుట్టాల వరసలు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడే పక్కన ఉంటారు, అడిగి రాసుకోవచ్చు. తరవాత పెన్‌డ్రైవ్‌లో వేసి హాల్లో టీవీకి పెట్టి చూడండి. హెచ్‌ఈవీసీ అనే కోడెక్‌లో తీసిన వీడియో కొన్ని పాత టీవీల్లో ఆడదు. ఆడకపోతే అందరూ ఊళ్లో ఉండగానే తెలుస్తుంది, పాతదైన హెచ్.264లోకి మార్చి మళ్లీ పెట్టుకోవచ్చు.